అమీర్ నెయ్యి, ఓషానెస్సీ సారా

2013 జూలైలో మన తంతి సర్వీసు మూతపడినప్పుడు టెలిగ్రాముల జ్ఞాపకాలు అందరూ తెగ రాసుకున్నారు. అసలు ఈ దేశంలో ఆ తీగలు వేయించిన మనిషిని మాత్రం తలుచుకున్నవాళ్ళు తక్కువ. ఆయన పేరు విలియం బ్రూక్ ఓషానెస్సీ. 1809లో ఐర్లండులోని లిమరిక్‌లో పుట్టాడు. 1855 నాటికి కలకత్తా, ఆగ్రా, బొంబాయి, మద్రాసుల్ని తీగతో కలిపేశాడు. అందుకు విక్టోరియా రాణి 'సర్' బిరుదు కూడా ఇచ్చింది. నెట్‌వర్కుల మీద బతికే మనందరికీ ఆయన ఒక రకంగా ముత్తాత వరస.

చిత్రమేంటంటే ఈయన ఇంజినీరు కాదు, డాక్టరు. ఇంకా చిత్రం, గంజాయిని పాశ్చాత్య వైద్యానికి పరిచయం చేసింది కూడా ఈయనే. 1833లో కంపెనీ ఉద్యోగంలో చేరి, కలకత్తా మెడికల్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తూ, 1839లో గంజాయి మందుల మీద ఒక పెద్ద వ్యాసం రాశాడు. ఆ వ్యాసం ఇప్పటికీ హాయిగా చదువుకోవచ్చు. కుక్కలకీ, చేపలకీ, రాబందులకీ, చివరికి రోగులకీ ఇచ్చి ఏమైందో గంటల వారీగా రాసుకున్నాడు. మనం రాసే టెస్ట్ రిపోర్టులు దాని ముందు దిగదుడుపే.

అయితే నేను చెప్పాలనుకున్నది ఆయన గొప్పదనం గురించి కాదు. ఆ వ్యాసంలోనే ఉండి, అందరూ దాటేసిన ఒక వంటకం గురించి.

చిటపట ఆగేదాకా

అప్పట్లో కలకత్తాలో గంజాయి ప్రియులు చేరే ఒక పేరుమోసిన చోటు ఉండేది. దాని యజమాని అమీర్. మాజూన్ చెయ్యడంలో అతన్ని మించినవాడు లేడని పేరు. ఓషానెస్సీ అతని పద్ధతిని అడుగు అడుగునా రాసిపెట్టాడు. నాలుగు ఔన్సుల ఆకు, అంతే నెయ్యి. మట్టి పాత్రలోగానీ కళాయి పోసిన గిన్నెలోగానీ వేసి, ఒక పైంటు నీళ్ళు పోసి, బొగ్గుల పొయ్యి మీద కలుపుతూ కాచాలి. నీళ్ళన్నీ ఇగిరిపోయేదాకా. ఇగిరాయని ఎలా తెలుస్తుంది? గిన్నె అంచుల్లో నెయ్యి చిటపటలాడుతుంది. అప్పుడు దించేసి వేడిమీదే గుడ్డలో పిండాలి. పిప్పి పారెయ్యాలి. పచ్చటి నెయ్యి గడ్డకట్టాక, నీళ్ళలో రంగు దిగడం ఆగేవరకూ చేత్తో కడగాలి. కడిగిన నీళ్ళు తాగొద్దనీ, అవి గొంతు పట్టేసి బాధ పెడతాయనీ అమీర్ హెచ్చరిక. ఆ నెయ్యిని పాలతో, చక్కెర పాకంతో కలిపితే మాజూన్.

వెన్న కాచిన ఇంట్లో పెరిగినవాళ్ళకి ఇందులో కొత్త ఏమీ లేదు. నీళ్ళున్నంతసేపూ గిన్నెలో వేడి నూరు డిగ్రీలు దాటదు, కాబట్టి ఆకు మాడదు. నీళ్ళు పోయాకే వేడి పెరుగుతుంది, సరిగ్గా అప్పుడే దించేస్తున్నాడు. థర్మామీటరు అవసరం లేని టెంపరేచర్ కంట్రోల్. ఈ వేడికి ఇంకో పని కూడా ఉందని ఇప్పుడు తెలుసు. పచ్చి ఆకులో ఉండేది మత్తునిచ్చే టీహెచ్‌సీ కాదు, దాని ఆమ్లరూపం. వేడి తగిలితే అందులోంచి కార్బన్ డయాక్సైడు ఊడిపోయి టీహెచ్‌సీ అవుతుంది. పచ్చి ఆకు నమిలితే పెద్దగా ఏమీ కాకపోవడానికి కారణం అదే.

ఇంత వివరంగా రాసుకున్న ఓషానెస్సీ తన మందు తయారు చేసుకునేటప్పుడు మాత్రం నెయ్యి జోలికి పోలేదు. ఎండిన గంజాయి కంకుల్ని సారాలో ఉడికించి, జిగురంతా కరిగాక సారాని ఆవిరి చేసి, మిగిలిన ముద్దని మళ్ళీ కొలతగా సారాలో కలిపాడు. ఒక డ్రాము సారాకి మూడు గ్రెయిన్ల ముద్ద. అదే టింక్చరు. మన చిన్నప్పుడు మోకాలు చెక్కుకుపోతే పూసి ఏడిపించిన టింక్చరు అయోడిన్ కూడా ఈ జాతిదే. ఏ మందునైనా సారాలో కరిగించి సీసాలో పెడితే అది టింక్చరు.

ఆయన్ని తప్పు పట్టడానికేం లేదు. కెమిస్టు కళ్ళతో చూస్తే సారాయే సరైన ఎంపిక. జిగురు దాంట్లో శుభ్రంగా కరుగుతుంది. చెడిపోదు. చుక్కల్లెక్కన కొలవచ్చు. కలకత్తా నుంచి లండన్‌కి ఓడలో పంపినా పాడవ్వదు. నెయ్యి ఈ పరీక్షల్లో దేంట్లోనూ పాసవ్వదు. పైగా అమీర్ నడిపేది మత్తు దుకాణం, ఆస్పత్రి కాదాయె.

ఒకే మోతాదు, ముగ్గురు మనుషులు

కీళ్ళవాతంతో ఆస్పత్రిలో ఉన్న రోగులకి ఓషానెస్సీ ఒక గ్రెయిను చొప్పున ఇచ్చాడు. ఒక గ్రెయినంటే 65 మిల్లీగ్రాములు. వాళ్ళలో ఒకడు మధ్యాహ్నం రెండింటికి తీసుకున్నాడు. నాలుగింటికి తెగ మాట్లాడుతూ, పాటలు పాడుతూ, ఇంకా తిండి పెట్టమని గోల చేస్తూ, నాకు జబ్బే లేదు పొమ్మన్నాడు. ఆరింటికి నిద్రపోయాడు. ఎనిమిదింటికి వెళ్ళి చూస్తే స్పృహ లేదు. చెయ్యి ఎలా లేపి పెడితే అలాగే ఉండిపోతోంది, మైనపు బొమ్మలాగా. అర్ధరాత్రి దాటాకగానీ తెలివి రాలేదు. అదే మందు తీసుకున్న మరొకతనికి ఏమీ కాలేదు. ఆరా తీస్తే అతను రోజూ గంజాయి పీల్చే మనిషని తేలింది.

అలవాటు వల్ల మందు పని చెయ్యకపోవడం అర్థమవుతుంది. కానీ నన్ను ఆపింది ఆ గంటల లెక్క. రెండింటికి వేసిన మందు ఆరు గంటల తర్వాత మనిషిని పడేసింది. పొగ పీల్చితే నిమిషాల్లో తలకెక్కే పదార్థం, మింగితే పొద్దుగూకేదాకా ఎక్కడ దాక్కుంది?

ఆ ప్రశ్నకి జవాబు దొరకడానికి వందేళ్ళు పైనే పట్టింది. ఈలోగా టింక్చరు ప్రపంచమంతా తిరిగింది. 1840ల మొదట్లో ఓషానెస్సీ ఇంగ్లండు తీసుకెళ్ళిన సరుకుతో లండన్ మందుల తయారీదారు పీటర్ స్క్వైర్ ఎక్స్‌ట్రాక్టు తీశాడు. బ్రిటిష్ ఫార్మకోపియాలోకి, అమెరికా ఫార్మకోపియాలోకి ఎక్కింది. డాక్టర్లు తలనొప్పికీ, నిద్రకీ, ధనుర్వాతానికీ రాశారు. రాసినవాళ్ళే విసుక్కున్నారు. ఒక సీసా పనిచేస్తుంది, ఇంకో సీసా పనిచెయ్యదు. ఒకడికి పది చుక్కలు చాలు, ఇంకొకడికి యాభై వేసినా చలనం ఉండదు. ముప్ఫై ఏళ్ళపాటు ఈ మందు వాడిన రస్సెల్ రేనాల్డ్స్ 1890లో లాన్సెట్‌లో వ్యాసం రాస్తూ మందుని మెచ్చుకుంటూనే, చాలా తక్కువతో మొదలుపెట్టి మెల్లగా పెంచమనీ, సరుకు ఒకే చోటు నుంచి తెప్పించుకోమనీ చెప్పాల్సి వచ్చింది. (ఈయన విక్టోరియా రాణికి కూడా వైద్యుడే. అందుకని రాణిగారు గంజాయి వాడిందని నెట్‌లో ఒక కథ తిరుగుతూ ఉంటుంది. దానికి ఆధారమేదీ లేదు, మీరు ఫార్వర్డ్ చెయ్యకండి.)

మన ఫీల్డులో ఇలాంటి బగ్గులకి ఒక ముద్ర ఉంది కదా, 'రీప్రొడ్యూస్ అవ్వట్లేదు' అని. ఇంగ్లీషు వైద్యం గంజాయి టింక్చరుకి చివరికి ఆ ముద్రే వేసింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికా కంపెనీలు ప్రతి బ్యాచ్‌నీ కుక్కలకి పట్టించి, అవి తూలుతున్నాయో లేదో చూసి మరీ అమ్మేవి! అయినా కుదుట పడలేదు. 1932లో బ్రిటిష్ ఫార్మకోపియా, 1942లో అమెరికా ఫార్మకోపియా దాన్ని తీసేశాయి. మధ్యలో 1937లో అమెరికాలో గంజాయి మీద పన్ను చట్టం రావడం లాంటి రాజకీయాలూ ఉన్నాయి. వాటి గురించి చాలామంది రాశారు, నేను మళ్ళీ రాయను.

డెట్టాలు పాఠం

ఈ మందు ఎందుకంత మొండికేసింది? మొదటి కారణం ముడిసరుకు. ఏ మొక్క, ఏ నేల, ఎన్నాళ్ళ కిందటిది అన్నదాన్నిబట్టి బలం మారిపోతుంది. లోపలున్న అసలు పదార్థమేదో తెలిస్తేగా కొలవడానికి? అది 1964లోగానీ పూర్తిగా తేలలేదు. ఇజ్రాయెల్‌లో రఫాయెల్ మెషూలం, యెహీల్ గవోనీ కలిసి టీహెచ్‌సీని విడదీసి దాని నిర్మాణం చెప్పారు. అందుకు కావాల్సిన ఐదు కిలోల హషీష్‌ని మెషూలం పోలీసుల దగ్గర అడిగి తెచ్చుకుని బస్సులో పట్టుకెళ్ళాడట. బస్సంతా గుప్పుమనుంటుంది.

రెండో కారణం గురించి తక్కువ మాట్లాడతారు. నా దృష్టిలో అదీ తక్కువదేం కాదు. టీహెచ్‌సీకి నీళ్ళంటే పడదు, నూనెంటే ప్రాణం. బకెట్ నీళ్ళలో డెట్టాలు వేస్తే ఏమవుతుంది? సీసాలో స్వచ్ఛంగా ఉన్నది తెల్లగా విరిగిపోతుంది. సారాలో కరిగి ఉన్న నూనె పదార్థం నీళ్ళు తగలగానే బయటికొచ్చేస్తుందన్నమాట. గంజాయి టింక్చరూ అంతే. నీళ్ళలో కలిపితే జిగురు విడిపోయి గ్లాసు గోడలకి అంటుకుంటుంది. అందుకే పాతకాలం కాంపౌండర్లు తుమ్మజిగురు కలిపి దాన్ని తేలేసేవాళ్ళు. సరే, గ్లాసులో తుమ్మజిగురుతో నెట్టుకొచ్చారు, కడుపులో? అక్కడా ఉన్నది నీళ్ళేగా.

ఇప్పుడు అదే పదార్థాన్ని నూనెలో కలిపి మింగారనుకోండి. నూనె వచ్చిందని పేగుకి తెలియగానే పిత్తరసం దిగుతుంది. నూనెని చిన్న చిన్న బిందువులుగా విడగొట్టి, దాంతోపాటు అందులో కరిగిన మందునీ పేగు గోడ దాకా మోసుకెళ్తుంది. అక్కడినుంచి రెండు దార్లు. మామూలుగా మనం తిన్న చాలా పదార్థాలు ఒక పెద్ద సిర గుండా నేరుగా కాలేయానికి వెళ్తాయి. కాలేయం మన సెక్యూరిటీ గేటు. టీహెచ్‌సీ లాంటిదాన్ని అక్కడే చాలామటుకు విరిచేస్తుంది. కొంత భాగాన్ని ఇంకో మత్తు పదార్థంగా మార్చి వదుల్తుంది కూడా. తింటే వచ్చే మత్తు, పీలిస్తే వచ్చే మత్తు ఒకలా ఉండకపోవడానికి అదొక కారణం.

రెండో దారి పొడుగు కొవ్వులది. నువ్వుల నూనె, వేరుశెనగ నూనె, చాలావరకు నెయ్యి కూడా పొడుగు గొలుసు కొవ్వులే. పేగు కణాలు వీటిని కైలోమైక్రాన్లనే చిన్న మూటలుగా కట్టి, రక్తంలోకి కాకుండా లింఫు నాళాల్లోకి వదుల్తాయి. ఆ నాళం మెడ దగ్గర ఎడమవైపు సిరలోకి తెరుచుకుంటుంది. అంటే మూటలో కూర్చున్న మందు కాలేయం గేటు తాకకుండా పక్కదారిన రక్తంలోకి వచ్చేస్తుంది. ఇంజినీర్లకి వేరే చెప్పాలా, ఫైర్‌వాల్‌ని తప్పించుకున్న ప్యాకెట్ అన్నమాట. మందంతా ఇలా పోదు, కొంతే. ఆ కొంతే తేడా తెస్తుంది.

అంకెలు చూడండి. అమెరికాలో 1985లో అనుమతి పొందిన మారినాల్ అనే మందు, ల్యాబ్‌లో చేసిన టీహెచ్‌సీని నువ్వుల నూనెలో కలిపి క్యాప్సూలులో పెట్టినది. కీమోథెరపీ వాంతులకి ఇస్తారు. అందులో 90 శాతం పైగా పేగు పీల్చుకున్నా, కాలేయం చేతివాటం వల్ల రక్తంలోకి చేరేది 10 నుంచి 20 శాతమే. అదే క్యాప్సూలుని కొవ్వు బాగా ఉన్న భోజనంతో వేసుకుంటే ఒంటికి పట్టే మొత్తం దాదాపు మూడు రెట్లు, కానీ గరిష్ఠ స్థాయికి చేరడం నాలుగ్గంటలు ఆలస్యం. మత్తు లేని సీబీడీతో చేసిన ఎపిడయోలెక్స్ సంగతి ఇంకా తమాషా. పరగడుపుతో పోలిస్తే కొవ్వు భోజనంతో నాలుగు రెట్లు ఒంటికి పడుతుంది. మందు అదే, సీసా అదే, కొలిచిన చెంచా అదే.

2016లో నాటింగ్‌హామ్ వాళ్ళు ఎలుకల మీద చేసిన ప్రయోగంలో కూడా, కొవ్వు లేకుండా ఇచ్చినదానికంటే నువ్వుల నూనెతో ఇస్తే టీహెచ్‌సీ రెండున్నర రెట్లు, సీబీడీ మూడు రెట్లు రక్తంలోకి చేరాయి.

ఇప్పుడు 1839 వార్డుకి వెనక్కి వెళ్ళండి. ఆ రోగి రెండింటికి మందు వేసుకున్నాడు, నాలుగింటికి తిండి కోసం గోల చేశాడు. వాళ్ళు పెట్టారో లేదో, పెడితే అందులో నెయ్యి ఎంతో వ్యాసంలో లేదు. ఉండదు కూడా, ఎవరూ అడగని ప్రశ్న అది. వందేళ్ళపాటు డాక్టర్లు టింక్చరు చుక్కలు లెక్కపెట్టారుగానీ పక్కనున్న పళ్ళెంలోకి చూడలేదు. సరుకు బలం మారుతోంది సరే, రోగి తిన్న తిండి కూడా మోతాదుని మూడు నాలుగు రెట్లు అటూ ఇటూ లాగుతోందని వాళ్ళకి తెలిసే దారే లేదు.

మనవాళ్ళకి అన్నీ తెలుసా?

ఈపాటికి కొందరు 'చూశారా, మన పూర్వీకులకి అన్నీ ముందే తెలుసు' అని కామెంటు రాయడానికి చేతులు రుద్దుకుంటూ ఉంటారు. కాస్త ఆగండి. ఆయుర్వేదంలో అనుపానం అనే మాట ఉంది. మందుని దేంతో తీసుకోవాలో చెప్పేది. తేనెలో రంగరించి, నేతిలో కలిపి, పాలతో, వేణ్ణీళ్ళతో. అంటే మందెంత ముఖ్యమో దాన్ని మోసేదీ అంతే ముఖ్యమని వాళ్ళు గుర్తించారు. భంగుని నేతిలో వేయించి శుద్ధి చేసే పద్ధతీ ఉంది. శార్ఙ్గధర సంహితలో భంగునీ నల్లమందునీ, జీర్ణం కాకముందే ఒళ్ళంతా పాకే ద్రవ్యాలుగా చెప్పారు. మంచి పరిశీలనే. కానీ మింగిన గంజాయికి ఆ వర్ణన అంతగా అతకదు, పైన ఆరు గంటల కథ చూశాం కదా. కైలోమైక్రాన్లు వాళ్ళకి తెలియవు. అమీర్‌కి అంతకన్నా తెలియవు. అతనికి తెలిసింది తన గిరాకీ. నెయ్యితో చేసిన సరుకుకి మనుషులు మళ్ళీ వస్తున్నారు, అంతే.

కానీ అది చిన్న విషయం కూడా కాదు. మా ఇంట్లో చారులో పోపు వేసేటప్పుడు ఇంగువని నూనెలోనే ఎందుకు వెయ్యాలో ఎవరూ చెప్పలేదు. నీళ్ళలో వేస్తే ఆ ఘుమఘుమ రాదని మాత్రం అందరికీ తెలుసు. అనుభవం తెలిసినవాడికి కారణం తెలియదు, కారణం వెతకగలిగినవాడు అనుభవాన్ని వంటకం కింద రాసుకుని పేజీ తిప్పేశాడు. ఇద్దరూ ఒకే వ్యాసంలో ఉన్నారు. నాకు బాధనిపించేది అక్కడే.

అన్నట్టు, 1893-94లో బ్రిటిష్ ప్రభుత్వం వేసిన హెంప్ డ్రగ్స్ కమిషన్ వెయ్యిమందికి పైగా సాక్షుల్ని విచారించి ఏడు సంపుటాలు అచ్చేసింది. మితంగా వాడితే పెద్ద హాని లేదు, నిషేధం వద్దు అని తేల్చింది. మద్రాసు రాష్ట్రంలో గంజాయి పండించే చోట్లలో మన బాపట్ల తాలూకా దగ్గుబాడు ప్రాంతం కూడా ఉండేది. మన్యం నుంచి పట్టుబడే మూటల వార్తలే తెలిసిన మనకి, ఒకప్పుడు కోస్తాలో లైసెన్సు మీద పండేదంటే వింతగా ఉంటుంది. 1985 ఎన్‌డీపీఎస్ చట్టం తర్వాత కంకులూ, జిగురూ నేరం. విడి ఆకుని మాత్రం చట్టం నిర్వచనంలోంచి వదిలేశారు, భంగు నడిచేది ఆ సందులోనే.

ఇప్పటి సీసాలు

అమెరికాలో ఉన్నవాళ్ళు దుకాణాల్లో సీబీడీ సీసాలు చూసే ఉంటారు. 'టింక్చర్' అని రాసి ఉంటుంది, లోపల సారా చుక్క ఉండదు. చాలావాటిలో ఎంసీటీ నూనె. కొబ్బరి నుంచీ, తాటిజాతి గింజల నుంచీ తీసిన మధ్యరకం గొలుసు కొవ్వు. నీళ్ళలా పల్చగా ఉంటుంది, రంగూ వాసనా ఉండవు, త్వరగా ముక్కిపోదు. అమ్మేవాడికి ఇంతకంటే ఏం కావాలి? కానీ ఈ మధ్యరకం కొవ్వుల్లో ఎక్కువ భాగం మూట కట్టుకోకుండా నేరుగా కాలేయం దారే పడుతుంది. ఓషానెస్సీ సారాని ఎంచుకున్న కారణాలూ ఇవే కదా. సీసాకి ఏది మంచిదో చూశారు, పేగుకి ఏది మంచిదో చూడలేదు. నాలిక కింద పెట్టుకుంటే చాలు, కడుపుతో పనే లేదంటారు. నూనె చుక్క నాలిక కింద అంత సులువుగా ఇంకదు, చాలామటుకు లాలాజలంతో మింగేస్తాం. సారాతో చేసిన నోటి స్ప్రే సాటివెక్స్ కూడా భోజనం తర్వాత వాడితే ఎక్కువ ఒంటికి పడుతుంది. మందులో కొంత భాగం చివరికి కడుపులోకే చేరుతోందన్నమాట.

టీహెచ్‌సీ ఉన్న తినుబండారాలతో వచ్చే చిక్కూ ఇదే. గంటసేపు ఏమీ కాలేదని ఇంకో ముక్క తింటారు. నేతివంటతో తిన్న మొదటి ముక్క అప్పుడే దారిలో ఉంటుంది.

ఓషానెస్సీ చికిత్స చేసినవాళ్ళలో నలభై రోజుల పసిపాప ఒకతె ఉంది. మూర్ఛలు. ఏ మందుకీ తగ్గకపోతే టింక్చరు ఒక్క చుక్క నాలిక మీద వేశాడు. ఒక చుక్కంటే గ్రెయినులో ఇరవయ్యో వంతు. గంటన్నర తర్వాత ఇంకో రెండు చుక్కలు. పాప నిద్రపోయింది. మూర్ఛలు మళ్ళీ వచ్చాయి, మోతాదు పెంచుకుంటూ పోయాడు, చివరికి రోజుకి నూట ముప్ఫై చుక్కల దాకా వెళ్ళింది. ఏ చుక్క ఎంత పనిచేస్తుందో తెలియకుండా ఒక డాక్టరు, ఒక తల్లీ తండ్రీ ఆ తొట్టి పక్కన ఎలా కూర్చున్నారో ఊహించుకోండి. పాప బతికింది.

2018 జూన్‌లో అమెరికా అనుమతించిన ఎపిడయోలెక్స్ కూడా పిల్లల మూర్ఛలకే. డ్రావె, లెనాక్స్-గాస్టో అనే మొండి రకాలకి. ఒక మిల్లీలీటరులో 100 మిల్లీగ్రాముల సీబీడీ. లోపల ఏముందో చూస్తే నువ్వుల నూనె, దాంతోపాటు కొంచెం ఆల్కహాలు, స్ట్రాబెరీ వాసన. అమీర్, ఓషానెస్సీ ఇద్దరూ ఒకే సీసాలో ఉన్నారు. దాంతో వచ్చే కాగితంలో తల్లిదండ్రులకి ఒక మాట చెప్తారు. అన్నం తిన్నాక ఇస్తే రోజూ అన్నం తిన్నాకే ఇవ్వండి, పరగడుపున ఇస్తే రోజూ పరగడుపునే ఇవ్వండి, మార్చకండి అని.